సముద్రము దాటిన మనవారి జాడలు

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు మన ప్రాంతపు చరిత్రను గూర్చి యేదైన వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, పాళెగాండ్ర చరిత్రయో దేవాలయ చరిత్రయో వ్రాయుట సులభమని నాకు తోచినది. వానికి శాసనములు కలవు, కైఫీయతులు కలవు, గెజెటీరులు కలవు. కాని మా యింట నూఱేండ్లకు పైగా తేలక నిలిచిన యొక చిన్న ప్రశ్న యున్నది. అట్టి ప్రశ్నయే ఈ గ్రామమున మఱికొన్ని యిండ్లలోను ఉండవచ్చునని తలచి దానినే విషయముగా గైకొంటిని.

మా నాయనమ్మకు ఒక చిన్నాయన యుండెడివాడు. ప్లవ నామ సంవత్సరమున, పంటలు లేని వేసవిలో, ఆయన యొక మేస్త్రీ వెంట మదరాసుకు పోయి అచ్చట ఓడ యెక్కి "నాటాలు" పోయెనని ఆమె చెప్పెడిది. పోయినవాడు తిరిగి రాలేదు, ఉత్తరమును రాలేదు. సంక్రాంతినాడు పెద్దలకు క్రొత్త బట్టలు పెట్టునప్పుడు ఆమె ఒక పంచెను వేఱుగా తీసి యుంచెడిది. దానిపై ప్రతియేటను తగవే. బ్రతికియున్నవానిని పెద్దలలో చేర్చి బట్టలు పెట్టరాదని మా తాత. పోయినవానికి పెట్టక మానరాదని ఆమె. పండ్రెండేండ్లు జాడ తెలియనివానిని గతించినవానిగా నెంచి కర్మ జరిపింపవచ్చునని పురోహితులు చెప్పిరట. ఆమె యొప్పుకొనలేదు. తుదకు ఆ పంచె ఏ బీదవానికో పోయెడిది. 1960వ దశాబ్దమున ఆమె గతించినది. పంచె తీయు వాడుక మాత్రము మా యింట నిలిచినది.

ఉద్యోగ విరమణానంతరము నేను ఈ చిన్నతాత జాడ వెదుకుటకు పూనుకొంటిని. వెదుకనారంభించిన తరువాత గాని సామాన్యుల పేర్లు మన దేశమున ఎచ్చటెచ్చట వ్రాయబడినవో నాకు తెలియలేదు.

మన సీమలో అన్నిటికంటె పాతవైన కుటుంబ దస్తావేజులు రాళ్లే యనవచ్చును. తొమ్మిది, పది శతాబ్దములలో వైదుంబులును, నొలంబులును, బాణులును ఈ ప్రాంతమునకై పోరాడిరి. ఆ కాలమున ఊరిని, పశువులను కాపాడుచు మడిసిన వీరులకు నిలిపిన వీరగల్లులు మదనపల్లె, పుంగనూరు ప్రాంతముల పొలములలో నేటికిని కానవచ్చును. వానిలో కొన్నింటిపై చచ్చినవాని పేరును, అతడే ప్రభువు పక్షమున పోరెనో ఆ వివరమును చెక్కబడియున్నవి. వానికి మనము పసుపు కుంకుమలు పెట్టుదుము గాని వానిని చదువము. పిమ్మట కల్నల్ మెకంజీ కాలమున, కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల వంటివారు ఊరూర తిరిగి కైఫీయతులు సేకరించిరి. వానిలో పాళెగాండ్రు, కరణములు, అగ్రహారీకులు కనుపింతురే గాని కూలి చేసికొని బ్రదికినవాడు కనుపింపడు. నోటి మాటగా గోత్రములను, ఇంటిపేర్లను అప్పగించు పిచ్చుకుంట్లవారు మన గ్రామములకు వచ్చెడివారు. వారికి ధాన్యము కొలుచుటకు విసుగుకొన్న తరము మాదే. గయలోను, కాశిలోను పండాల బహీలలో యాత్రకు పోయినవారి పేర్లును, వారి తండ్రి తాతల పేర్లును ఉండును; కాని కాశికి పోగల స్తోమత గల కుటుంబములెన్ని?

పుంగనూరు ఆవు పొట్టిదే యైనను దాని వంశమును కాపాడుటకు పలమనేరు పశు పరిశోధనా స్థానమున ఏ ఆవు ఏ ఆవుకు పుట్టినదో వ్రాసి యుంచుదురు. ఆ ఆవును మేపినవాని ముత్తాత పేరు అడిగినచో చెప్పగలవారు అరుదు. ఇది పరిహాసమునకు వ్రాసినది కాదు. నేనును నా ముత్తాత తండ్రి పేరు చెప్పలేనివాడనే.

కుంపిణీ ప్రభుత్వము వచ్చిన పిదప కాగితములు పెరిగినవి. అయితే మన మూడు ఊళ్లు ఒకే విధమైన పాలనలో లేవని మొదట గ్రహింపవలెను. మదనపల్లె 1800లో నిజాము ఇచ్చిన దత్తమండలములలోనిది. కడప జిల్లాలో చేరినది. మన్రో దొర 1800 మొదలు 1807 వఱకు ఆ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి భూములను కొలిపించెను. రైతువారీ సీమలో ఏ చెక్క ఎవ్వని స్వాధీనమున నున్నదో ప్రభుత్వపు లెక్కలలోనికి ఎక్కవలసినదే. పుంగనూరును, కుప్పము ముఖ్య స్థలముగా గల కంగుంది సీమయు జమీందారీలు. ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. అచ్చటి రైతుకు పట్టా యిచ్చువాడు జమీందారు. లెక్కలు జమీను కచ్చేరీలో నుండెడివి. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి, సెటిల్మెంటు జరిగిన తరువాత గాని మా వంటి గ్రామములలో రైతు పేరు నేరుగా సర్కారు రిజిస్టరులో పడలేదు. ఇనాము భూములకు మాత్రము 1858లో ఏర్పడిన ఇనాం కమీషను వలన ఒక మేలు జరిగినది. ఇనాము మొదట ఎవ్వరికి వచ్చినది, పిమ్మట ఎవ్వరి యనుభవమునకు వచ్చినది విచారించి వ్రాసిరి. అర్చకులు, వెట్టివారు, చెఱువు నీరు పెట్టు నీరుగంట్లు మొదలగువారి కుటుంబములకు ఇనాం ఫేరు రిజిస్టరు ఒక నిధి. క్రైస్తవ కుటుంబములవారికి మిషను దేవాలయముల బాప్తిస్మ పుస్తకములు కలవు; ఆర్కాటు మిషనుకు చెందిన జేకబ్ చేంబర్లేను 1863లో మదనపల్లెకు వచ్చెను.

1984 జనవరిలో కరణీకములు రద్దయినవి. అప్పుడు సర్కారుకు ఒప్పగింపబడిన దప్తరములు కొన్ని. ఇండ్లలోనే మిగిలినవి కొన్ని. మిగిలిన వానికి చెదలు కొంత, భోగి మంట కొంత భాగము పంచుకొన్నవి. ఒక యింట చాటెడు తాటాకులును, ఎఱ్ఱ గుడ్డలో చుట్టిన రెండు కట్టల కాగితములును భోగినాడు మంటలో వేసిన తరువాత నేను పోయితిని. "ఎవరికి పనికివచ్చును సామీ?" అని ఆ యింటి యిల్లాలు అడిగినది. ఆమెను తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. చదువగలవాడు వచ్చి యడుగనంత కాలము అవి ఆమెకు చెత్తయే కదా.

తేదీల విషయము వేఱొక చిక్కు. మన పెద్దలు సంవత్సరమును పేరుతో చెప్పుదురు. ధాత కరువనగా 1876లో మొదలైన మహాక్షామము. కాని ధాత సంవత్సరము 1816లోను వచ్చినది, 1936లోను వచ్చినది. పేరు దొరికినంత మాత్రమున చాలదు. ఏ అరువదిలోనిదో ఇతర సాక్ష్యముతో నిర్ణయింపవలెను. దినము సంగతియు నట్టిదే. జిడ్డు కృష్ణమూర్తిగారు మదనపల్లెలో 1895 మే నెలలో జన్మించిరి. కొందఱు 11వ తేదీ యందురు, కొందఱు 12వ తేదీ యందురు. ఇందు ఎవ్వరును అబద్ధమాడలేదు. పుట్టినది అర్ధరాత్రి దాటిన తరువాత. ఇంగ్లీషు లెక్కకు అప్పటికి 12వ తేదీ వచ్చినది. సూర్యోదయముతో దినము మారునని యెంచు మన లెక్కకు ఇంకను 11వ తేదీయే. జాతకచక్రములనుండి తేదీ తీయువారు ఈ యొక్క సంగతి మఱవకున్న చాలును.

ఇక నాటాలు సంగతి. చెఱకు తోటలలో పని చేయుటకు కూలీలను ఒడంబడికపై కొనిపోయిన మొదటి ఓడ "ట్రూరో" మదరాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16వ తేదీన 342 మందితో డర్బను రేవు చేరినది. 1866లో ఆగి, 1874లో మరల సాగి, 1911 వఱకు ఈ వలస జరిగినది. మొత్తము 1,52,184 మంది నాటాలు చేరిరి. అందులో మూడింట రెండు వంతులవారు మదరాసు రేవున ఓడ యెక్కినవారు. ఉత్తర ఆర్కాటు వారిలో మిక్కిలి యెక్కువమందిని పంపిన జిల్లాలలో నొకటి. ధాత, ఈశ్వర సంవత్సరముల క్షామమును, దాని వెనుక వచ్చిన కరువులును తెలిసినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. 1864లో బెంగుళూరు నుండి జోలారుపేటకు రైలుదారి పడినది. కుప్పము ఆ దారిమీదనే యున్నది. కాలినడకన పది దినములు పోవలసిన మదరాసు ఒక రాత్రి ప్రయాణమైనది. ఆ రైలు బియ్యమును తెచ్చినది, మనుష్యులను కొనిపోయినది.

ఓడ యెక్కిన ప్రతి మనుష్యునికి చిట్టాలో ఒక పంక్తి. వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, శరీరముపై గుర్తులు. ఈ చిట్టాలు డర్బనులో నిలిచినవి. అచ్చటి విశ్వవిద్యాలయమునకు చెందిన గాంధీ లుతూలి భాండాగారము మూలముగా వాని వివరములు ఇప్పుడు కంప్యూటరుపై ఎవరైనను చూడవచ్చును. ఫిజీకి మదరాసు నుండి 1903 మొదలు 1916 వఱకు ఓడలు పోయినవి. అచ్చటికి పోయినవారి ఎమిగ్రేషను పాసులలోను దాదాపు ఇవే వివరములు. మారిషసునకు 1834 మొదలుకొని పోయినవారి పుస్తకములు మోకా అను ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థలో కలవు. 1860ల తరువాత వచ్చిన పలువురి ఛాయాచిత్రములతో సహా.

ఈ చిట్టాల వెనుక మనుష్యులపై ప్రేమ యేమియు లేదు. పారిపోయిన కూలీని పట్టుకొనుటకు మచ్చను వ్రాసిరి. పొరపాటున ఒకనికి బదులు ఒకడు రాకుండుటకు ఎత్తును వ్రాసిరి. అయినను దానివలన మన వంశావళులలో లేని మేలొకటి కలిగినది. మన వంశావళులలో కొడుకుల పేర్లే యుండును. ఓడ చిట్టాలో స్త్రీకి ఆమె పేరుతోనే ఒక సంఖ్య కలదు, ఆమె తండ్రి పేరు కలదు. నూఱుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలైనను ఉండవలెనని నియమము. వచ్చినవారిలో వితంతువులు కలరు, ఒంటరిగా బిడ్డనెత్తుకొని వచ్చినవారును కలరు. మన గ్రామమున "ఎటో పోయినది" అను మాటతో తుడిచిపెట్టబడిన స్త్రీకి ఆ చిట్టాలో ఊరు కలదు, పేరు కలదు.

అందు లేనిది ఇంటిపేరు. తెలుగువానికి ఇంటిపేరు ముందు, తన పేరు తరువాత. మదరాసులోని గుమస్తా ఇంటిపేరు అడుగలేదు. అడిగినను దానికి గడి లేదు. ఒక్క పేరు వ్రాసికొనెను, అదియు తన చెవికి వినబడినట్లు. ఆ పేరే తరువాతి తరమునకు ఇంటిపేరైనది. లేదా నాయుడు, రెడ్డి, చెట్టి యను కులబిరుదు ఇంటిపేరుగా మారినది. నేడు డర్బనునుండి తన మూలములు వెదకికొనుచు వచ్చు మనుమనికి ఇంటిపేరు తెలియదు. ఇచ్చటి దాయాదికి ఇంటిపేరు తప్ప మఱేమియు తెలియదు. ఇరువురును ఎదురెదురుగా నిలిచినను ఒకరినొకరు గుర్తింపలేరు. కొందఱు ఓడ యెక్కునప్పుడు కులము మార్చి చెప్పిరి, ఊరు మార్చి చెప్పిరి. అప్పులవాని బారినుండియో, అంటరానితనము నుండియో తప్పించుకొనిపోయినవాడు నిజము చెప్పునా? వెదుకువారు ఇందుకు సిద్ధపడియుండవలెను. దొరకిన సత్యము ఇంట చెప్పుకొన్న కథకంటె వేఱుగా నుండిన, కథను వదలుకొనగల ధైర్యము కావలెను.

జిల్లా పేరు విషయమున అందఱును పొరబడుదురు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడినది. కడప జిల్లానుండి మదనపల్లె, వాయల్పాడు. ఉత్తర ఆర్కాటు నుండి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి, పుంగనూరు, కంగుంది మొదలగునవి దానిలో చేరినవి. నాటాలు వలస అదే సంవత్సరము ముగిసినది. కాబట్టి నాటాలు చిట్టాలలో మదనపల్లెవానిని కడప జిల్లా క్రిందను, పుంగనూరు, కుప్పము వారిని ఉత్తర ఆర్కాటు క్రిందను వెదుకవలెను. ఈ మూడు ఊళ్లును 1953 అక్టోబరు 1వ తేదీ వఱకు మదరాసు రాష్ట్రములోనివి. అందుచేత పాత దస్తావేజులలో పెద్ద భాగము మదరాసు ఎగ్మూరులోని రికార్డు ఆఫీసులో నిలిచినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన మదనపల్లె చిత్తూరు జిల్లా నుండి విడివడి అన్నమయ్య జిల్లాలో చేర్పబడినది. ఊరు కదలలేదు, ఊరిపై వ్రాసిన పేరు కదలుచున్నది.

ఈ కష్టము మనకు మాత్రమే వచ్చినది కాదు. పోలెండు దేశమును 1772, 1793, 1795 సంవత్సరములలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పంచుకొన్నవి. 1918 వఱకు పోలెండు అను స్వతంత్ర దేశము పటముపై లేదు. ఒక చిన్న పట్టణమున పుట్టినవారి పుస్తకములు ఒక తరమున లాటినులో, ఒక తరమున జర్మనులో, మఱియొక తరమున పోలిషులో ఉండును. రష్యా క్రింది భాగమున 1868 వఱకు పోలిషు భాషలో వ్రాసినవారే తరువాత రష్యను భాషలో వ్రాయవలసి వచ్చినది. తాత పుట్టినది రష్యాలోనని అమెరికాలోని మనుమడు చెప్పును. అదే ఊరిని మఱియొకడు పోలెండనును. ఇరువురి మాటయు నిజమే. అచ్చటి యూదులకు మన పూర్వులవలెనే తన పేరు, తండ్రి పేరు మాత్రమే వాడుకలో నుండెడివి. 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫు వారందఱును జర్మను ఇంటిపేర్లు పెట్టుకొనవలెనని శాసించెను. అచ్చట సర్కారు లేని యింటిపేరు తగిలించినది. ఇచ్చట ఉన్న యింటిపేరును గుమస్తా వదలివేసినాడు. హాంబర్గు రేవునుండి అమెరికా మొదలగు దేశములకు పోయినవారి చిట్టాలు 1850 నుండి 1934 వఱకు కలవు. పేరు, వయస్సు, వృత్తి, ఊరు వ్రాసిన ఆ పుటలను చూచినచో మన మదరాసు చిట్టాలకు అక్కచెల్లెండ్రవలె కనుపించును.

కాని వారి వెదకులాటకును మన వెదకులాటకును పోలిక ఒకచోట తెగిపోవును. 1939 నుండి 1945 వఱకు జరిగిన యుద్ధములో నాజీలు పోలెండు యూదులను సుమారు 30 లక్షలమందిని చంపిరి. పుస్తకము దొరికినను పలుకరించుటకు ఊరిలో దాయాది లేడు. బ్రతికి బయటపడినవారు దేశ దేశములలో చేరి, తమ తమ ఊళ్లకు స్మారక గ్రంథములు వ్రాసికొనిరి. ఏ వీధిలో ఎవ్వరి యిల్లుండెనో జ్ఞాపకముతో పటము గీసి, చచ్చినవారి పేర్లు వరుసగా అచ్చొత్తించిరి. ఇట్టివి కొన్ని వందలు వెలువడినవి. ఈ రజతోత్సవ సంచికను చూచునప్పుడు నాకు అవి జ్ఞప్తికి వచ్చినవి. వారు ఊరు పోయిన తరువాత వ్రాసిరి. మనము ఊరుండగా వ్రాయుచున్నాము. మన సంచికలో చందాదారుల పేర్ల పట్టికతో పాటు వీధుల పేర్లును, ఏ యింటినుండి ఎవరు ఏ దేశము పోయిరో ఆ వివరమును చేర్చుమని సంపాదకులను కోరితిని. చోటు చాలదనిరి. చందాదారుల ఛాయాచిత్రములకు చోటు చాలినది. సరే, వారి కష్టము వారిది.

అటు పోయినవారు మనలను మఱవలేదు. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడినది. ఫిజీలో 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘము ఏర్పడినది. ఉగాదిని, రామభజనను నిలుపుకొనుటకు వారు పడిన పాటు చిన్నది కాదు. అచ్చటినుండి వచ్చి పూర్వుల ఊరు చూడగోరువారిని మన గ్రామస్థులు కొందఱు అనుమానముతో చూతురు. భూమిలో వాటా అడుగునేమో యని భయము. ఓడ చిట్టాలోని పంక్తి భూమిపై హక్కు పత్రము కాదు. వచ్చినవాడు సాధారణముగా అడుగునది చెఱువు గట్టున నిలిచి ఒక పటము తీసికొనుటకు. గ్రామదేవత గుడిముందు ఒక టెంకాయ కొట్టుటకు.

ఇక మా చిన్నతాత. ప్లవ సంవత్సరమనగా 1901 మార్చి నుండి 1902 ఏప్రిలు లోపల. అప్పటికి మదరాసునుండి ఫిజీకి ఓడలు లేవు. కావున నాయనమ్మ చెప్పిన "నాటాలు" అను మాట నమ్మదగినదే. ఆ సంవత్సరముల చిట్టాలలో ఆయన పేరు గలవారు పలువురు కనుపించిరి. తండ్రి పేరు కూడ కలసినవారు ఇరువురు. మొదటివానికి ఊరి పేరు ఎన్ని విధముల పలికి చూచినను మన సీమలోని యే ఊరికిని పొసగలేదు. రెండవవానికి జిల్లా ఉత్తర ఆర్కాటు, తాలూకా పుంగనూరు. ఊరి పేరు రెండక్షరములు తప్ప మా ఊరే. కాని వయస్సు 20 అని యున్నది. నాయనమ్మ లెక్కకు ఆయనకు ముప్పది దాటవలెను. తోటలకు బలమైన పడుచువారు కావలెను గనుక వయస్సు తగ్గించి చెప్పుట కలదు. గుర్తుల గడిలో "ఎడమ మోకాలిపై మచ్చ" అని వ్రాసినారు.

ఎద్దు పొడిచిన మచ్చ ఆయనకు కలదని నాయనమ్మ చెప్పెడిది. అది నాకు బాగుగా జ్ఞాపకమున్నది. ఏ కాలికో, మోకాలికో పిక్కకో, జ్ఞాపకము లేదు. నా పదునైదవ యేట అడిగియుండినచో ఆమె చెప్పెడిది. ఆమె చెల్లెలు 1978 వఱకు బ్రతికి యుండెను. ఆమెను అడుగవలెనని నాకప్పుడు తోచలేదు. ఆ సంఖ్య గల మనుష్యుడు ఒడంబడిక ముగిసిన పిదప తిరిగి ఓడ యెక్కినట్లు నాకు దొరకలేదు. డర్బనులోని ఆంధ్ర మహాసభవారికి ఆ సంఖ్య వ్రాసి, ఆయన సంతతివారెవరైన నున్నచో ఆ మచ్చను గూర్చి వారి యిండ్లలో ఏమి చెప్పుకొందురో తెలుపగోరి ఒక ఉత్తరము వ్రాసియున్నాను.

మొన్నటి సంక్రాంతికి మా కోడలు పంచె తీసి, "ఈ ఏడు పెద్దలలో పెట్టవలెనా, వేఱుగా ఉంచవలెనా మామయ్యా?" అని యడిగినది. వేఱుగానే ఉంచుమంటిని.